తేట పలకాలా, తేటి పలకాలా?

తీగలవాడు:
మా గిటార్ మాస్టారు వీణ నుంచి గిటార్‌కి వచ్చిన మనిషి. "తీగను గుంజకు, తేట పలకనీ" అనేవారో, "తేటి పలకనీ" అనేవారో, ఆ ఒక్క అక్షరం గుర్తు రావడం లేదు. ఇప్పుడెందుకంటే, నా స్ట్రాట్‌కి (ఫెండర్ ఎలక్ట్రిక్ గిటార్) చుట్లు ఎక్కువున్న సింగిల్ కాయిల్ పికప్‌లు వేయించాను, అంటే తీగ కదలికని కరెంటుగా మార్చే అయస్కాంతం, దాని చుట్టూ ఒకే రాగితీగ చుట్ట. పాతకాలం తరహా వాటి నిరోధం 6 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది, ఇవి దాదాపు 10. ఆంప్‌లో (ఆంప్లిఫయర్) సౌండ్ పగలకూడని క్లీన్ ఛానెల్లో కూడా గట్టిగా మీటితే సౌండ్ పగులుతోంది. ట్రెబుల్ పెంచితే గీరుతోంది తప్ప విచ్చుకోవడం లేదు.

గోదారి గట్టు:
తేటేనండీ. క్లీన్ టోన్‌కి అంతకన్నా మంచి మాట మనకి లేదు.

ఓరుగల్లు పంతులు:
తొందరపడకండి. తేట అయితే "తేటగా" అనాలి. 'గా' లేదంటే పలికేది తేటి, అంటే తుమ్మెద. సింగిల్ కాయిల్ ఝుంకారం విన్నవాళ్లకి వేరే చెప్పాలా?

గోదారి గట్టు:
"నీళ్లు తేటపడ్డాయి" అంటాం, 'గా' ఏదీ? పైగా కరెంటు వల్ల వచ్చే ఆ 50 హెర్ట్జ్ హమ్ పోవాలనే కదా, మధ్య పికప్‌ని ఎదురు చుట్టు, ఎదురు ధ్రువాలతో చేసి స్విచ్ 2, 4 స్థానాల్లో పక్క పికప్‌తో జత కలుపుతారు! దాన్ని పలకనీ అంటారా?

మిరపతోట:
ఊరు నుంచి ఊట వచ్చినట్టే తేరు నుంచి తేట. తేటి వేరు, అది తేనెకి చుట్టం. పాత నిఘంటువుల్లో తేఁటి, అరసున్నతో. మాస్టారు ముక్కుతో పలికేవారా?

తీగలవాడు:
ఆయన మాటంతా కొంచెం ముక్కుతోనే ఉండేది.

చిల్లగింజ:
మా అమ్మమ్మ వాన నీళ్ల కుండలో చిల్లగింజ అరగదీసి కదపకుండా వదిలేసేది. తెల్లారేసరికి మడ్డి అడుక్కి, తేట పైకి. ఏదో కలిపితే వచ్చేది కాదు తేట, దిగనిస్తే వచ్చేది. మీ పికప్‌లదీ అదే సంగతి. చుట్లు పెరిగితే కాయిల్ శిఖరం, అంటే అది అన్నిటికన్నా గట్టిగా పలికే చోటు, కింది ఫ్రీక్వెన్సీకి జారుతుంది. అక్కడ లేని మెరుపుని ట్రెబుల్ నాబ్ ఎక్కడి నుంచి తెస్తుంది? చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, తీగకీ పికప్‌కీ మధ్య ఎడం కొలవండి. మామూలుగా లావు తీగ వైపు 2 మి.మీ., సన్న తీగ వైపు 1.6. మీరు పికప్‌ని ఇంకో మిల్లీమీటరు దించండి. వాల్యూమ్ 7 దగ్గర ఉంచి, నాబ్‌కి చిన్న కెపాసిటర్ వేస్తే పైస్వరాలు చావవు. ఆంప్‌కి రెండో ఇన్‌పుట్ ఉంటే అందులో పెట్టండి, ఫెండర్ వాటిలో 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇంకో మాట. "గుంజకు" అన్నది వేలికే కాకపోవచ్చు. దగ్గరగా ఉన్న అయస్కాంతం కూడా తీగను గుంజుతుంది, స్వరం వణుకుతుంది.

ఓరుగల్లు పంతులు:
బాగుంది. అయినా పోతన గారి మందార మకరందం చూడండి. సీసంలో మధుపం, కింద ఎత్తుగీతి తేటగీతి! తేటి ముందు, తేట తర్వాత. ఆ మహానుభావుడి చెవికి రెండూ ఒకే పద్యంలో ఇమిడాయి.

మిరపతోట:
అది ఛందస్సు పేరు, అర్థానికి సాక్ష్యం కాదు.

తీగలవాడు:
లావు తీగ వైపు 3 మి.మీ.కి దించాను. ఆరో తీగ ఖాళీగా మీటితే పగలకుండా చివరిదాకా ఒకే స్వరం నిలిచింది. కానీ పంతులు గారూ, తీగ ఆగాక తుమ్మెద ఇంకా వినిపిస్తోంది. మాస్టారి దగ్గర నాతో నేర్చుకున్న ఒకరున్నారు. రేపు ఫోన్ చేసి అడుగుతాను.