కదిలినా మెదడును కొలిచే హెల్మెట్ మా బాబుకు పనికొస్తుందా?

ప్రశ్న:
మా బాబుకు ఆరేళ్లు, ఫిట్స్ వస్తున్నాయి. ఎమ్మారైలో ఏమీ కనపడలేదు. ఎంఈజీ (మెదడు అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరీక్ష) తీస్తే ఫిట్స్ ఎక్కడ మొదలవుతున్నాయో తెలియొచ్చని డాక్టర్ గారన్నారు కానీ తల కదపకూడదట, వాడేమో నిమిషం కుదురుగా కూర్చోడు. నాటింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్లు తలకు పెట్టుకుని కదలగలిగే ఎంఈజీ చేశారని చదివాను. ఇంట్లో ఆడుకుంటుంటే తీయొచ్చా? రెండు మందులు మార్చినా తగ్గలేదు, చాలా టెన్షన్‌గా ఉందండి.

జవాబు 1:
మీరు చదివింది నిజమేనండి. మామూలు ఎంఈజీలో సెన్సర్లను ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచాలి, అందుకే అంత పెద్ద యంత్రం, హెల్మెట్ కూడా పెద్దవాళ్ల తలకు సరిపోయేలా ఒకే సైజు, పిల్లల తల అందులో వదులుగా ఉండి సిగ్నల్ తగ్గిపోతుంది. కొత్త సెన్సర్లలో రుబీడియం ఆవిరి గుండా లేజర్ పంపిస్తారు, మెదడు అయస్కాంత క్షేత్రం మారితే అవతల పడే కాంతి మారుతుంది. చల్లబరచక్కర్లేదు కాబట్టి నెత్తికి దగ్గరగా పెట్టేయొచ్చు. 2018లో నేచర్ సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్లో మనిషి టీ తాగుతూ, బ్యాట్‌తో బంతి కొడుతూ ఉండగానే కొలిచారు.

జవాబు 2:
ఇంట్లో మాత్రం కుదరదు. భూమి అయస్కాంత క్షేత్రం ముందు మెదడుది కోట్ల రెట్లు చిన్నది, భూమి క్షేత్రాన్ని ఆపే ప్రత్యేకమైన గది కావాలి. గదిలో మిగిలిన కాస్తనీ కాయిల్స్‌తో (కరెంటు పంపే తీగ చుట్టలతో) రద్దు చేయకపోతే తల తిప్పగానే సెన్సర్ పనిచేయడం మానేస్తుంది. బాబు తల తిప్పొచ్చు, బొమ్మతో ఆడుకోవచ్చు, గది దాటి రాలేడు. బయట తిరుగుతూ కొలవడానికి ఎఫ్‌నిర్స్ టోపీలున్నాయి కానీ అవి రక్తంలో ఆక్సిజన్ మార్పును చూస్తాయి, దానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఫిట్స్ మొదలైన క్షణం వాటికి దొరకదు.

జవాబు 3:
అమ్మా, ఈ హెల్మెట్ కోసం మాత్రం ఆగకండి. రెండు సరైన మందులు సరైన మోతాదులో వాడినా తగ్గకపోతే ఎపిలెప్సీ సెంటర్లో చూపించాలి, మా పాపకు ఆలస్యం చేయకుండా వీడియో ఈఈజీ (వీడియో తీస్తూ మెదడు విద్యుత్ సంకేతాలు నమోదు చేసే పరీక్ష) చేయించడమే మేలైంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో మామూలు ఎంఈజీ ఉంది. నిద్రలో కూడా తీస్తారు, కదులుతాడనే భయంతో వదిలేయొద్దు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి. గదిలో వాడి పక్కన నన్ను ఉండనిస్తారా?

జవాబు 2:
మామూలుగా ఉండనిస్తారండి, ముందే అడిగి పెట్టుకోండి. గాజులు, గొలుసులు, పిన్నులు, హుక్కులున్న బట్టలు, ఫోను ఏవీ లోపలికి తీసుకెళ్లకూడదు. బాబు మొలతాడుకు వెండి బిళ్ల ఉంటే అదీ తీసేయండి.