యమాగ్రజం: అన్నా, తమ్ముడా?

వేగుచుక్క:
శని శ్లోకంలో "రవిపుత్రం యమాగ్రజం" అనా, "యమానుజం" అనా? మా నాయనమ్మ నోట రెండోదే విన్నట్టు గుర్తు. పిల్లల కోసం గ్రహాల పేర్ల పట్టీ రాస్తున్నాను. ప్లూటోకి యముడు అని రాశాక, పక్కనే శనితో వరస కూడా వేద్దామనిపించింది. పనిలో పని, వరుణుడు ఎవరో కూడా తేల్చండి. మన పుస్తకాల్లో యురేనస్ వరుణుడు, హిందీవాళ్ళకి నెప్ట్యూన్.

సమాసప్రియ:
యమాగ్రజమే, సందేహం లేదు. పేచీ అంతా "యముడి అన్న" అని అర్థం చెప్పడంలోనే ఉంది. యముడు సూర్యుడి భార్య సంజ్ఞ కొడుకు. ఆవిడ తన నీడను ఇంట్లో పెట్టి వెళ్ళాకే గదా శని పుట్టింది! శ్లోకమే "ఛాయామార్తాండ సంభూతం" అంటోంది. కాబట్టి తత్పురుష వదిలేసి బహువ్రీహి పట్టుకోండి: యముడు అగ్రజుడుగా గలవాడు. మీ నాయనమ్మగారి పాఠం తప్పైనా వరస ఒప్పే.

గోదారిగట్టు:
బాగుందండీ! ఆ లెక్కన లక్ష్మణాగ్రజుడంటే శత్రుఘ్నుడు కావాలి. లక్ష్మణుడు అన్నగా గలవాడు!

సమాసప్రియ:
అక్కడ ప్రసిద్ధి అడ్డొస్తుంది, ఇక్కడ పుట్టుకే సాక్ష్యం. వేదంలోలా స్వరం (ఉచ్చారణలో ఎత్తుపల్లాలు) ఉంటే ఈ గొడవే లేదు. "ఇంద్రశత్రు" శబ్దంలో స్వరం తప్పి, తత్పురుష (ఇంద్రుణ్ణి చంపేవాడు) కాస్తా బహువ్రీహి (ఇంద్రుడు చంపేవాడుగా గలవాడు) అయి వృత్రుడి కొంప ముంచింది. ఆ స్వరం తప్పిన త్వష్ట ఎవరనుకున్నారు? సంజ్ఞ తండ్రే, యముడి తాతగారు. ఆ ఇంటికి సమాసాలు అచ్చిరావు.

మాజీ లెక్కల మేష్టారు:
అన్నదమ్ముల మాట ఎలా ఉన్నా, శనైశ్చరుడంటే మెల్లగా నడిచేవాడు. (శనీశ్వరుడు అని రాసేవాళ్ళతో నాకు పాత తగాదా.) శనికి సూర్యుణ్ణి చుట్టడానికి 29న్నరేళ్ళు, ప్లూటోకి 248. శనికున్న మందుడనే బిరుదు యముడికే చెల్లాలి. పైగా ఛాయ శాపం తగిలింది ఆయన కాలికే. 2006లో గ్రహాల జాబితాలోంచి తీసేసినా నడక నడకే గదా.

ఇక వరుణుడు. యురేనస్‌ను 1781లో కనిపెట్టిన హెర్షెల్ ఇంగ్లండు రాజు జార్జి పేరు పెట్టబోయాడు. జర్మన్ ఖగోళజ్ఞుడు బోడే, గ్రీకుల ఆకాశదేవుడు ఊరనోస్ పేరు తేకపోతే మన పిల్లలు జార్జి గ్రహం అని చదివేవారు. ఈలోగా అంతర్జాతీయ ఖగోళ సంఘం, 2000లో నెప్ట్యూన్ అవతల దొరికిన ఓ చిన్నగోళానికి "వరుణ" అని పెట్టేసింది. ముగ్గురు వరుణులతో పట్టీ ఎలా రాస్తారో మీ ఇష్టం.

వేగుచుక్క:
ఊరనోస్, వరుణ ఒకే మాట కాదూ?

సమాసప్రియ:
అది పాత ముచ్చట. ఇప్పుడు చాలామంది ఆ గ్రీకు మాటను వర్షంతో ముడిపెడతారు.

మాజీ లెక్కల మేష్టారు:
తిరిగి తిరిగి వానదేవుడి దగ్గరికే వచ్చింది! శుక్రుడి గతి ఇంకా చిత్రం. వాళ్ళకి వీనస్ ఆడది కనక అక్కడ దాదాపు అన్నీ స్త్రీల పేర్లే, ఓ పీఠభూమికి లక్ష్మి పేరు కూడా పెట్టారు. అసురగురువు ఇంట్లో లక్ష్మీదేవి!

గోదారిగట్టు:
యముడికి ఆకాశంలో చోటు కొత్తగా ఇవ్వక్కర్లేదు. పోతనగారి భాగవతంలో శింశుమార చక్రం (చుక్కలన్నీ ఓ జలజంతువు ఆకారంలో అమరిన వర్ణన) చదవండి. మూలంలో "అధరాహనౌ యమః", కింది దవడ ఆయనది. శనికి దొరికిన చోటు పిల్లల పట్టీలో రాయలేం.

సమాసప్రియ:
శింశుమార చక్రం పంచమ స్కంధంలోది. అది గంగన రాసింది, పోతన కాదు.

గోదారిగట్టు:
తెలుసండీ. షష్ఠం సింగనదనీ, చివరి రెండూ నారయవనీ కూడా తెలుసు. అయినా పోతన భాగవతమనే అంటాం. ధ్రువుణ్ణి చుక్కల మీద కూర్చోబెట్టిన నాలుగో స్కంధం పోతనదేగా? ఆ ధ్రువుడి తోక పట్టుకుని వచ్చిందే గంగన వచనం.

సమాసప్రియ:
ధ్రువుడికి తోక లేదు, తోక చివర ధ్రువుడున్నాడు. మళ్ళీ తత్పురుష!

వేగుచుక్క:
పట్టీ రేపు అచ్చుకి వెళ్ళాలండీ. వరుణుడు?

గోదారిగట్టు:
ఉండండమ్మా. అదే తోక మీద ప్రజాపతి, అగ్ని, ఇంద్రుడు, వాళ్ళ పక్కన ధర్ముడు ఉన్నాడు. యముడు, ధర్ముడు ఒకరే అయితే తోక మీదా దవడలోనూ ఎలా ఉంటాడు? సమాసప్రియ గారూ, దీనికే సమాసం వేస్తారు?