అప్‌డేట్: బేస్‌మెంట్ గదిలో అరలు బిగించేశాను

బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ పక్కన సొంతంగా అరలు చేస్తే ప్లైవుడ్ వంగుతుందా అని అడిగాను కదా, పని పూర్తయింది. 18 మి.మీ. ప్లైవుడ్‌కు ప్రతి 60 సెం.మీ.కి ఒక ఆధారం ఇచ్చి, ముందు అంచుకు చెక్కపట్టీ నిలువుగా బిగించాను. నిండు పెయింట్ డబ్బాలు పెట్టి మూడు వారాలైంది, ఎక్కడా వంపు లేదు.

అసలు టెన్షన్ పెట్టింది నేల. నీళ్లు పోవడానికి వాలుగా ఉంటుంది కాబట్టి, కాళ్లన్నీ ఒకే కొలతకు కోస్తే స్టాండ్ ఊగింది. పై అరను లెవెల్‌కు తెచ్చి, ఒక్కో కాలి కింద ఖాళీ కొలిచి ప్లాస్టిక్ ముక్కలు పెట్టాను. కాంక్రీటు చెమ్మ చెక్కకు ఎక్కదు కూడా.

స్టాండ్‌ను గోడకు బిగించేటప్పుడు మొదటి యాంకర్ (గోడ రంధ్రంలో కూర్చుని స్క్రూను పట్టి ఉంచేది) పట్టలేదు. రంధ్రంలో పొడి మిగిలిపోయింది. శుభ్రం చేశాక గట్టిగా కూర్చుంది. ఇంటికి వచ్చే నీళ్లను ఆపే మెయిన్ వాల్వ్ ముందు మాత్రం అర పెట్టలేదు, అక్కడికి చెయ్యి వెంటనే అందాలి.