పోలీసు ఆపరేషన్లకు డాక్టర్ల శిక్షణ: టూర్నికే సాధన ఎలా పెట్టాలి?

ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీలను పోలీసు బృందాల వెంట వైద్యసాయానికి తయారుచేసే శిక్షణ రూపొందిస్తున్నాం. అనుభవమున్నవాళ్లు సలహా ఇవ్వండి.

ఆసుపత్రిలో చేయి తిరిగిన డాక్టరు కూడా పోలీసు ఆపరేషన్‌లో తడబడేది ఏది ముందు, ఏది తర్వాత అనే వరుస దగ్గరే. కాల్పులు సాగుతుంటే ముందు మనిషిని చాటుకు చేర్చాలి, చేతి నుంచో కాలి నుంచో ధారగా పోయే రక్తాన్ని టూర్నికేతో, అంటే రక్తప్రవాహం ఆగేలా బిగించే పట్టీతో, ఆపాలి. శ్వాసగొట్టం, సెలైన్ ఆ తర్వాతే. ఆ క్షణంలో టూర్నికే బట్టల మీదే, వీలైనంత పైన కట్టాలి. చాటుకొచ్చాక గాయానికి రెండు మూడు అంగుళాల పైన, చర్మం మీద మరొకటి కట్టి, మొదటిది వదులుచేసి, టైము రాయాలి.

తరచూ జరిగే తప్పు, పట్టీని ముందు లాగి బిగించకుండానే, దాన్ని మెలిపెట్టి ఇంకా బిగించే కడ్డీని తిప్పడం. సిరలు మూసుకుని ధమని తెరిచే ఉంటుంది, రక్తస్రావం పెరుగుతుంది. ఇది ప్రాణం తీసే పొరపాటు.

చీకట్లో, గ్లౌజులతో సాధన చేయించేటప్పుడు పాదం దగ్గర నాడి ఆగిందని డాప్లర్‌తో (రక్తప్రవాహాన్ని పసిగట్టే పరికరం) చూస్తే చాలా? సాధనలో అరిగిన పట్టీలు అసలు కిట్‌లో కలవకుండా ఎలా గుర్తుపెడుతున్నారు? మే ఎండలో వాహనంలో ఉంచే ట్రానెక్సామిక్ యాసిడ్‌ను (రక్తస్రావం తగ్గించే మందు) ఎలా కాపాడుతున్నారు? అన్నిటికన్నా ముఖ్యం: ముందుకు వెళ్లే నిర్ణయం బృంద నాయకుడిదేనని డాక్టర్లకు ఒంటబట్టించే అభ్యాసం ఏదైనా చెప్పండి.