ధ్రువ నక్షత్రం కనబడని మిద్దె మీద స్టార్ ట్రాకర్ అలైన్‌మెంట్ ఎలా?

స్టార్ ట్రాకర్ అంటే భూభ్రమణానికి తగ్గట్టు కెమెరాను తిప్పుతూ చుక్కలను వెంబడించే పరికరం; దాని అక్షాన్ని ఆకాశ ధ్రువం వైపు, అంటే ధ్రువ నక్షత్రం దగ్గరికి, గురిపెట్టాలి. అనంతపురం అక్షాంశం 14.7 డిగ్రీలు కాబట్టి ధ్రువ నక్షత్రం కూడా ఇక్కడ దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. మిద్దెకు ఉత్తరాన పక్కింటి వాటర్ ట్యాంకు సరిగ్గా దానికే అడ్డం. సప్తర్షి మండలంలోని ఎం81, ఎం82 గెలాక్సీలు మాత్రం మార్చి చివర్లో రాత్రి పది ప్రాంతంలో 35 డిగ్రీల దాకా లేచి ట్యాంకు పైన శుభ్రంగా దొరుకుతాయి. ఎలాగైనా వాటిని తీయాలని ఉంది.

200 మి.మీ. లెన్సు, 4 మైక్రాన్ల పిక్సెళ్ళ కెమెరా. ఫోన్ దిక్సూచితో ఉత్తరం పెడితే 60 సెకన్లలోనే చుక్కలు 5 పిక్సెళ్ళు సాగుతున్నాయి, అదీ ఉత్తర-దక్షిణంగా. పిక్సెల్‌కు 4 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) లెక్కన ట్రాకర్ అక్షం ఒక డిగ్రీకి పైనే తప్పినట్టు. ట్రాకర్‌ను తిప్పే గేర్ల లోపమైతే తూర్పు-పడమరగా సాగాలి, కాబట్టి అది కాదు. పక్కనే ఇనుప రెయిలింగ్ ఉంది, దిక్సూచి మీదే అనుమానం.

ధ్రువ నక్షత్రం లేకుండా, చుక్క ఎటు జారుతోందో చూసి అక్షాన్ని సరిచేసే డ్రిఫ్ట్ పద్ధతి తెలుసు. యామ్యోత్తర రేఖ (నడినెత్తి మీదుగా ఉత్తర-దక్షిణాలను కలిపే ఊహారేఖ) దగ్గరి చుక్క దక్షిణానికి జారితే అక్షం తూర్పుకు తిరిగినట్టు. తూర్పు చుక్క దక్షిణానికి జారితే అక్షం కిందికి ఉన్నట్టు. ఈ రెండోదే చిక్కు: తూర్పున 30 డిగ్రీల దాకా ఊరి వెలుగు, దుమ్ము.

ముందు దిశ పూర్తిగా సరిచేసుకుని, తర్వాత 40 డిగ్రీల ఎత్తున్న తూర్పు చుక్కతో అక్షం ఎత్తు సరిచేస్తే సరిపోతుందా? అక్షం ఇంత వాలుగా ఉండటంతో కౌంటర్‌వెయిట్ (కెమెరా బరువును తూచే ఎదురు బరువు) ట్రైపాడ్ ఉత్తరపు కాలికి తగులుతోంది. ట్రైపాడ్‌ను 60 డిగ్రీలు తిప్పి రెండు కాళ్ళ మధ్య ఖాళీని ఉత్తరానికి పెడితే బరువు నిలుస్తుందా? చేసి చూసినవాళ్ళు దయచేసి చెప్పండి.