ఇంటర్‌లో ఫిజిక్స్ లేకుండా బీటెక్ ఫస్టియర్: ఎలా నెట్టుకొచ్చారు?

కోనసీమ_అమ్మాయి:
నమస్తే అండీ. మాది అమలాపురం దగ్గర. ఇంటర్ ఒకేషనల్‌లో చేశాను, బ్రిడ్జి కోర్సులో చదివిన ఫిజిక్స్ పైపైనే. ఇప్పుడు కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలో ఫస్టియర్. క్లాసులో ఎంపీసీ వాళ్లంతా తలలూపుతుంటే, నాకు ఆ కోసైన్ తీటా ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలియడం లేదు. ఇంటర్ పుస్తకాలు రెండూ మొదటి పేజీ నుంచి చదవాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

భీమవరం_సీనియర్:
అక్కర్లేదు చెల్లెమ్మా. ముందు సిలబస్ కాగితం తియ్యి. మీ ఆర్23 (2023 రెగ్యులేషన్) ఇంజినీరింగ్ ఫిజిక్స్‌లో ఉన్నవి వేవ్ ఆప్టిక్స్, స్ఫటికాలు, డైఎలక్ట్రిక్-అయస్కాంత పదార్థాలు, క్వాంటమ్ మెకానిక్స్, సెమీకండక్టర్లు. గ్రహాల గురుత్వం, థర్మోడైనమిక్స్ జోలికి ఇప్పుడు పోవద్దు. తెలుగు అకాడమీ రెండో ఏడాది పుస్తకంలో తరంగాలు బాగా పట్టుకో, సగం బరువు దిగుతుంది.

ఉదాహరణకి, క్వాంటమ్‌లో వచ్చే పెట్టెలో కణం లెక్క. ఎల్ పొడవున్న పెట్టె గోడల మధ్య చిక్కిన, ఎమ్ ద్రవ్యరాశి ఉన్న కణాన్ని తరంగంలా చూస్తాం. రెండు చివరలా బిగించిన తీగ మీద అరతరంగాలు పూర్తి సంఖ్యలోనే ఇముడుతాయి. పెట్టెలోనూ అంతే. అరతరంగాలు ఎన్ ఉంటే తరంగదైర్ఘ్యం 2ఎల్/ఎన్. డీబ్రాయ్ సూత్రం (ద్రవ్యవేగం = హెచ్/తరంగదైర్ఘ్యం, హెచ్ అంటే ప్లాంక్ స్థిరాంకం) వేస్తే ద్రవ్యవేగం ఎన్‌హెచ్/2ఎల్. దాని వర్గాన్ని 2ఎమ్‌తో భాగించు, శక్తి ఎన్²హెచ్²/8ఎమ్ఎల్² వచ్చేస్తుంది. పరీక్షలో ష్రోడింగర్ సమీకరణం నుంచే రాయాలి, కానీ జవాబు ఎందుకలా వస్తుందో ముందే తెలిసుంటే ఆ పేజీన్నర భయపెట్టదు.

నర్సాపురం_రేవు:
సీనియర్ గారు చెప్పింది నిజమేనండీ, కానీ వెక్టర్లు (పరిమాణంతో పాటు దిశ కూడా ఉన్న రాశులు) రాకుండా ఏ యూనిట్టూ ముందుకెళ్లదు. వాటికి ఒక వారం ఇవ్వండి. సఖినేటిపల్లి నుంచి మా నర్సాపురానికి ఏరు దాటించే పంటు (రేవు పడవ) ఎక్కినప్పుడు చూడండి. వశిష్ట గోదావరి పాయలో నీళ్లు జోరుగా లాగుతుంటే, ముక్కు నేరుగా మా రేవు వైపు పెట్టరు, కాస్త ఎగువకి పెడతారు. నీళ్లలో పంటు వేగం సెకనుకి 5 మీటర్లు, ప్రవాహం 3 అనుకోండి. ఎగువకి పడే భాగం 3, అది ప్రవాహంతో చెల్లు. ఏటికి అడ్డంగా మిగిలేది 4. ముక్కుకీ, ఆ అడ్డగీతకీ మధ్య కోణం తీటా. మీరడిగిన కోసైన్ తీటా ఆ 4/5.

తణుకు_ల్యాబ్:
ల్యాబ్ మాత్రం మానకమ్మా. న్యూటన్ రింగ్స్‌లో (గాజుపలక మీద వంపు లెన్స్ పెడితే కనిపించే వెలుగు-చీకటి వలయాలు) బయటికి పోయేకొద్దీ వలయాలు దగ్గరవుతాయి, ఎందుకంటే లెన్స్ వంపు వల్ల గాలిపొర మందం అక్కడ వేగంగా పెరుగుతుంది. ఇది కళ్లతో చూశాక సూత్రం బట్టీ పట్టక్కర్లేదు. మైక్రోస్కోప్ స్క్రూ ఒకే వైపు తిప్పు, మధ్యలో వెనక్కి తిప్పితే రీడింగ్ తప్పుతుంది.

కోనసీమ_అమ్మాయి:
పంటు లెక్క వచ్చిందండీ! అన్నయ్యా, పెట్టె గోడ దగ్గర తరంగం సున్నా అయి తీరాలా?

భీమవరం_సీనియర్:
తీరాలి. గోడ అవతల పొటెన్షియల్ (స్థితిశక్తి) అనంతం, కణం అక్కడ ఉండే అవకాశమే లేదు, కాబట్టి అక్కడ తరంగం సున్నా. తరంగం మధ్యలో తెగిపోకూడదు కనుక గోడ దగ్గరా సున్నాయే. ఈ రెండు వాక్యాలూ జవాబులో రాయి, చాలామంది వదిలేస్తారు.