అస్థిపంజరం, గులాబీలు: ఆ పోస్టరు ఎవరిది?

సిరాబుడ్డి:
1966 సెప్టెంబరు 16, 17 తేదీల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని అవలాన్ బాల్‌రూమ్‌లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ సంగీత బృందం కచేరీలకు స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ చేసిన పోస్టరును రాక్ పోస్టర్లకే తలమానికమంటారు. అయితే గులాబీల కిరీటం పెట్టుకున్న ఆ అస్థిపంజరాన్ని వారు గీయలేదు. ఉమర్ ఖయ్యాం రుబాయీల (మనకు దువ్వూరి రామిరెడ్డి గారు తెలుగు చేసిపెట్టినవే) ఆంగ్ల ప్రతికి ఎడ్మండ్ సల్లివన్ సిరాతో వేసిన బొమ్మ అది; 1913లో అచ్చయింది. గ్రంథాలయంలో కనిపించిన బొమ్మకు రంగులద్ది పైన బృందం పేరు రాస్తే, దానిని రూపకల్పన అనవచ్చునా?

రంగులపెట్టె:
నిస్సందేహంగా అనవచ్చును. పుస్తకంలో ఆ అస్థిపంజరం జీవితం క్షణికమని హెచ్చరిస్తుంది. ‘కృతజ్ఞులైన మృతులు’ అన్న అర్థమిచ్చే బృందం పేరు కిందికి రాగానే అదే ఎముకల గూడు అతిథులను ఆహ్వానించే గృహస్థుగా మారిపోతుంది. గులాబీలకు ఎరుపు దక్కడం వల్ల చూపు ముందు పూల మీద వాలి, ఆ తరువాతే పుర్రెను గుర్తిస్తుంది. ఆ క్రమాన్ని నిర్ణయించినవారు మౌస్, కెల్లీలే గాని సల్లివన్ కాదు.

దారిన పోయేవాడు:
ఆ కాలపు పోస్టర్లలో అక్షరాలు చదవడానికే అరగంట పడుతుంది, ముందు దాని సంగతి తేల్చండి.

అచ్చుయంత్రం:
మీరు చెప్పేది వెస్ విల్సన్ అదే ఊళ్లోని ఫిల్‌మోర్ అనే హాలు కచేరీలకు చేసిన పోస్టర్ల గురించి. అక్షరాలను ఉబ్బించి ఖాళీ అంతా నింపే ఆ పద్ధతిని ఆయన వియన్నా చిత్రకారుడు ఆల్‌ఫ్రెడ్ రోలర్ నుంచి తీసుకున్నాడు. సిరాబుడ్డి గారి లెక్కన అదీ దొంగతనమేనా?

సిరాబుడ్డి:
నేను దొంగతనమన్న మాట వాడలేదు. ఒక శైలిని అనుసరించడం వేరు, ఒకరి కలం గీసిన ప్రతి గీతనూ యథాతథంగా ఎత్తిరాయడం వేరు. పక్కటెముకల మధ్య నీడ కోసం వేసిన సన్నని గీతలను దగ్గరగా చూడండి, అవన్నీ సల్లివన్ చేతివే. నేను గీసిన వీణ బొమ్మను ఒక సంస్థ తన సంగీతోత్సవం ఫ్లెక్సీ మీద వేసుకుని, నేను అడిగినప్పుడు ‘రంగులు మావే కదండీ’ అని జవాబిచ్చింది. ఆ మాట నేను మరచిపోలేను.

రంగులపెట్టె:
అయ్యా, ఆ సంస్థ మీది కోపాన్ని కాలిఫోర్నియా దాకా మోసుకుపోవడం న్యాయం కాదు. సల్లివన్ 1933లోనే మరణించాడు.

సిరాబుడ్డి:
మరణించినవానికి పేరు కూడా అక్కరలేదని మీ అభిప్రాయమా? రేపు నేను పోయాక నా వీణ కూడా ఊరందరిదీ అవుతుందన్నమాట.

దారిన పోయేవాడు:
అక్షరాల సంగతి ఇంకా తేలలేదు.

రంగులపెట్టె:
ఇక దాచడమెందుకు, సూటిగానే చెబుతాను. సినిమా పోస్టర్లు కూర్చడమే నా వృత్తి. ఫోటో ఒకరిది, టైటిల్ అక్షరాలు మరొకరివి, వాటిని ఒక కాగితం మీద నిలబెట్టే పని మాత్రం నాది. గీసినవాడే కళాకారుడు, కూర్చినవాడు కూలివాడు అన్న భావం మీ ప్రతి వాక్యంలోనూ ఉన్నది. నాకు కష్టం కలిగించినది అదే.

సిరాబుడ్డి:
కూలివాడని నేననలేదు. కాని ఆ అస్థిపంజరాన్ని తీసివేస్తే ఆ పోస్టరులో మిగిలేది ఏమిటో చెప్పండి.

రంగులపెట్టె:
ఆ ఇద్దరూ ఆ పుస్తకం తెరవకపోయి ఉంటే మీరు ఈనాడు సల్లివన్ పేరు ఎత్తేవారా? 1971లో బృందం తన ఆల్బమ్ అట్ట మీద అదే రూపాన్ని వేసుకున్నదంటే, అది పోస్టరుగా మారిన బొమ్మ కాబట్టే.

అచ్చుయంత్రం:
పునర్ముద్రణల మీద ముగ్గురి పేర్లూ వేస్తే ఇద్దరికీ సమ్మతమేనా?

రంగులపెట్టె:
నాకు అభ్యంతరం లేదు. సల్లివన్ పేరు మూడవదిగా ఉండాలి.

సిరాబుడ్డి:
మొదటిదిగా ఉండాలి.